పాల చీటీ: ఒక ఆబ్జెక్ట్ డిజైన్ డైరీ

2024 నవంబర్ 9, శనివారం

సాయంత్రం నాలుగున్నరకే పాల కేంద్రానికి వెళ్లి, బాబాయి కుర్చీ పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. బాబాయి మా ఊరి కేంద్రానికి సెక్రటరీ. 146 మంది సభ్యులు, రోజుకి రెండు పూటలు, పదిహేను రోజులకోసారి బిల్లు. లెక్కంతా పెద్ద రిజిస్టర్లలోనూ ఒక ఎక్సెల్ ఫైలులోనూ ఉంది. బిల్లు రోజు వచ్చిందంటే రాత్రి ఒంటిగంట దాకా ఆయనకి నిద్ర ఉండదు. అది చూడలేకే ఆ లెక్కలకి ఒక సాఫ్ట్‌వేర్ రాసిపెట్టడానికి ఒప్పుకున్నాను.

ఆఫీసులో పదేళ్లుగా వేరేవాళ్లు గీసిన క్లాస్ డయాగ్రమ్‌లకి కోడ్ రాస్తున్నాను. ఆబ్జెక్ట్ అంటే ప్రోగ్రాంలో సొంత డేటా, సొంత పనులు ఉన్న ఒక వస్తువు. క్లాసు అంటే అలాంటి వస్తువుల మూస. ఏ క్లాసుకి దేనితో సంబంధమో చూపే బొమ్మ క్లాస్ డయాగ్రమ్. విశ్లేషణ దగ్గర మొదలుపెట్టి కోడ్ దాకా అంతా నేనే చెయ్యడం ఇదే మొదటిసారి. అందుకే పద్ధతిగా చేద్దామనీ, ఏ రోజు ఏం తేలిందో రాసిపెట్టుకుందామనీ అనుకున్నాను.

ఈ రోజు చేసింది ఒకటే. కళ్లముందు జరిగినదాన్ని మామూలు తెలుగులో ఒక పేజీ రాశాను. "రైతు పాలు తెస్తాడు. కొలిచి క్యానులో పోస్తారు. సీసాలో శాంపిల్ తీస్తారు. మిషన్ ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ చూపిస్తుంది. చార్టు చూసి రేటు వేస్తారు. రిజిస్టర్లో ఎక్కిస్తారు. చీటీ రాసిస్తారు." ఫ్యాట్ అంటే పాలలో కొవ్వు శాతం, ఎస్ఎన్ఎఫ్ అంటే కొవ్వూ నీళ్లూ కాక మిగిలిన ఘనపదార్థాల శాతం. తర్వాత నామవాచకాల కింద గీత గీశాను. నామవాచకాల నుంచి డేటా రకాలు, క్రియల నుంచి ఆపరేషన్లు (అవి చేసే పనులు) వెతకొచ్చని 1983లో రసెల్ అబాట్ ఒక వ్యాసంలో చూపించాడు. క్లాసులు వెతకడానికీ అదే పద్ధతి. ఈ రంగంలో చాలామంది నేర్చుకునే మొదటి మెట్టు అదే.

27 మాటలు వచ్చాయి. ఫ్యాను, బల్ల, సీసా, క్యాను కొట్టేశాను. చీటీని కూడా కొట్టేసి, పక్కన "ఇది అవుట్‌పుట్, ప్రింటర్ పని" అని రాసుకున్నాను. మిగిలినవి: సభ్యుడు, పాలు, పూట, రేటు చార్టు, బిల్లు, కోత (బిల్లులోంచి పట్టుకునే డబ్బు).

నవంబర్ 10, ఆదివారం

పొద్దున పూట అయిదున్నరకి. మంచు. క్యూలో ముప్పై మంది దాకా ఉన్నారు.

ఆ క్యూ చూస్తుంటే సిమ్యులా అనే పాత ప్రోగ్రామింగ్ భాష గుర్తొచ్చింది. ఆస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్లో క్రిస్టెన్ నిగార్డ్, ఓలే-యోహాన్ దాల్ ఆ భాషని మొదట తయారు చేసింది ఇలాంటి వాటిని కంప్యూటర్లో నమూనాగా నడిపి చూడటం కోసమే: వరసలో నిలబడేవాళ్లు, వాళ్లకి పని చేసిపెట్టే కౌంటర్లు, మధ్యలో ఆగే సమయం. ఆ నమూనాలో కదిలే ప్రతి మనిషికీ, ప్రతి కౌంటర్‌కీ సొంత డేటా, సొంత నడవడి ఉండాలి. అలా చేస్తూ చేస్తూ 1967 నాటి సిమ్యులాలో క్లాసు, సబ్‌క్లాసు (ఒక క్లాసు కింద వచ్చే ప్రత్యేక రకం) అనే మాటలు స్థిరపడ్డాయి. బయట జరిగేదాన్ని ఉన్నదున్నట్టు చూడాలన్న పట్టుదలే ఆబ్జెక్ట్ పద్ధతికి పునాది అని నాకు గట్టి నమ్మకం.

యూజ్ కేసులు రాశాను, అంటే వాడేవాళ్లకి ఒక పని మొదట్నుంచి చివరిదాకా ఎలా జరుగుతుందో చెప్పే వాక్యాలు. ఈ పద్ధతి ఎరిక్సన్‌లో పనిచేసిన ఇవార్ యాకబ్సన్‌ది. అంతా సజావుగా జరిగే దారి ఆరు వాక్యాల్లో అయిపోయింది. అసలు సరుకు తేడా దారుల్లో ఉంది. పాలు పులిసిపోతే? కొలత అయ్యాక, ఫ్యాట్ రాకముందే కరెంటు పోతే? పక్కింటావిడ పాలు కూడా ఈవిడే తెస్తే? సభ్యుడి నంబరు 37 బదులు 73 కొడితే? ఈ నాలుగూ గంటన్నరలో నా కళ్లముందే జరిగాయి. ఇంట్లో కూర్చుని ఊహించి రాస్తే ఒకటో రెండో వచ్చేవి.

నవంబర్ 24, ఆదివారం

మొదటి క్లాస్ డయాగ్రమ్. సాఫ్ట్‌వేర్ డిజైన్‌ని బొమ్మలుగా గీయడానికి ప్రమాణమైన యూఎంఎల్ గుర్తులే వాడాను. ఒకప్పుడు గ్రేడీ బూచ్‌కి ఒక గుర్తుల భాష, జేమ్స్ రంబో బృందానికి ఇంకొకటి ఉండేవి. బూచ్ అయితే క్లాసుని గీతలు తెగిన మబ్బులా గీసేవాడు. వాళ్లిద్దరూ యాకబ్సన్‌తో కలిసి పని చేశాక, 1997లో ఓఎంజీ (ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అనే ప్రమాణాల సంస్థ) యూఎంఎల్‌ని ప్రమాణంగా తీసుకుంది. అందులో డయాగ్రమ్‌లు చాలానే ఉన్నాయి కానీ, ఒక మనిషి చేసే ఇంత పనికి మూడు చాలు: క్లాస్, సీక్వెన్స్ (ఎవరు ఎవర్ని ఏ వరసలో అడుగుతారో), స్టేట్ (ఒక వస్తువు ఏయే దశలు దాటుతుందో). మిగతావి గీస్తే అవి గీసిన తృప్తి తప్ప ఏమీ రాదు.

సభ్యుడి కింద రెండు సబ్‌క్లాసులు పెట్టాను: గేదె రైతు, ఆవు రైతు. కేంద్రంలో గేదె పాలకి కిలో ఫ్యాట్ లెక్కన, అంటే అందులో ఉన్న కొవ్వుకి కిలోకి ఇంత అని, డబ్బు. ఆవు పాలకి ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ రెండూ చూసి చార్టులో గడి వెతుకుతారు. లెక్క వేరు కాబట్టి రైతు వేరు అనుకున్నాను. డయాగ్రమ్ అందంగా వచ్చింది.

డిసెంబర్ 8, ఆదివారం

కోడ్ మొదలైంది. పైథాన్. క్లాసుల పేర్లు తెలుగులోనే పెట్టాను. పైథాన్ మూడో వెర్షన్ నుంచి అది కుదురుతుంది. బాబాయి తెర మీద చూసి "బిల్లు", "పూట" అని చదివి, "ఇదేంటి, మన మాటలే ఉన్నాయే" అన్నాడు. కోడ్‌లో ఉన్న మాటా కేంద్రంలో పలికే మాటా ఒకటే అయితే, మధ్యలో నేను దుబాసీగా నిలబడక్కర్లేదు. ఆ ఒక్కదానికైనా ఈ శ్రమ పడొచ్చు.

కానీ ఒక గంట పోయింది. "రేట్‌చార్టు" అని పేరు పెడితే సింటాక్స్ ఎర్రర్, అంటే రాత తప్పని పైథాన్ ఒప్పుకోలేదు. అక్షరాలన్నీ సరిగ్గానే కనిపిస్తున్నాయి. రెండుసార్లు చెరిపి మళ్లీ టైప్ చేశాను, అదే ఎర్రర్. ఎర్రర్ చివర్లో ఉన్న కోడ్ నంబరు చూస్తే తెలిసింది: ట పొల్లుకీ చ అక్షరానికీ మధ్య, అవి ఒత్తుగా కలిసిపోకుండా కీబోర్డు పెట్టే కంటికి కనపడని అక్షరం ఒకటుంది. నా దగ్గరున్న 3.10 పైథాన్ పేర్లలో దాన్ని ఒప్పుకోదు. "రేటుచార్టు" అని అజంతంగా మార్చాను. పోయింది. తెలుగులో పేర్లు పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోండి: పొల్లు పడే చోట అచ్చు చేర్చేయండి.

డిసెంబర్ 15, ఆదివారం

బాబాయి ఫోన్. "ఒరేయ్, 58వ నంబరు ఆయన జెర్సీ ఆవుని కొన్నాడు. రేపట్నుంచి రెండు క్యాన్లు తెస్తాడంట. మీ దాంట్లో ఎక్కుద్దా?"

ఎక్కదు. నా డయాగ్రమ్ ప్రకారం ఆయన గేదె రైతుగా పుట్టాడు. ఆబ్జెక్ట్ ఒకసారి ఏ క్లాసుగా పుడితే ఆ క్లాసే. ఆయనకి ఇంకో సభ్యత్వ నంబరు ఇవ్వాలా? ఒకే మనిషికి రెండు నంబర్లంటే రెండు బిల్లులు, రెండు కోతలు.

తప్పు ఎక్కడుందో ఆలోచిస్తే తెలిసింది. మనిషి మారలేదు. ఆయన తెచ్చిన సరుకు మారింది, దాని లెక్క మారింది. మారే గుణాన్ని మారని మనిషికి అంటగట్టాను. పాల రకం ఏ పూటకి ఆ పూట పోసిన పాలకి చెందుతుంది. లెక్క వేసే తీరు అంతకన్నా దూరం, అది చార్టుకి చెందుతుంది. సబ్‌క్లాసులు రెండూ తీసేశాను. రేటుచార్టు ఒక్కటే ప్రశ్నకి జవాబిస్తుంది: ఇంత ఫ్యాట్‌కి, ఇంత ఎస్ఎన్ఎఫ్‌కి లీటరు ఎంత? లోపల గేదె చార్టు ఒక రకంగా, ఆవు చార్టు ఇంకో రకంగా లెక్క వేసుకుంటాయి. అడిగేవాళ్లకి ఆ తేడా తెలియనక్కర్లేదు. మారే అవకాశం ఉన్న నిర్ణయాన్ని ఒక మాడ్యూల్ (ప్రోగ్రాంలో ఒక విడిభాగం) లోపల దాచిపెట్టాలని డేవిడ్ పార్నస్ 1972లో చెప్పింది ఇదే.

వారసత్వం (ఒక క్లాసు కింద సబ్‌క్లాసు పెట్టడం) వాడే ముందు ఇకనుంచి నేను వేసుకునే ప్రశ్న: ఈ గుణం రేపు మారితే వస్తువు ఇంకో వస్తువు అవుతుందా, లేక అదే వస్తువు వేరే పని చేస్తుందా?

2025 జనవరి 1, బుధవారం

చిన్న థర్మల్ ప్రింటర్ కొన్నాం. ఈ రోజు పొద్దుటి పూట నుంచి రిజిస్టరూ సాఫ్ట్‌వేరూ పక్కపక్కనే నడుస్తున్నాయి. చీటీ అచ్చయి వస్తోంది. జనం ముచ్చటపడ్డారు.

జనవరి 12, ఆదివారం

పండక్కి ఊరొచ్చాను. నిన్న సాయంత్రం పూట నుంచి కిలో ఫ్యాట్ ధర 820 నుంచి 800కి దిగింది. చలికాలంలో గేదె పాలు ఎక్కువ వస్తాయి, ధర తగ్గడం కొత్త కాదు. బాబాయి సెట్టింగులలో సంఖ్య మార్చాడు. అంతా బాగానే ఉంది.

జనవరి 15, కనుమ

ఊరంతా పశువుల కొమ్ములకి రంగులు, మెడలో దండలు. పాల కేంద్రానికి మాత్రం సెలవు లేదు. పైగా ఈ రోజే బిల్లు ముగింపు.

సాయంత్రం పూట అయ్యాక బిల్లులు తీశాం. పెద్దమ్మ వరసయ్యే ఒకావిడ బిల్లు తీసుకుని వెళ్లి, పావుగంటలో తిరిగొచ్చింది. చేతిలో రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట. "నాయనా, ఇవి మా మనవరాలు కూడింది. నీ బిల్లులో 109 రూపాయలు తక్కువొస్తంది, చూడు."

చీటీలు బల్ల మీద పరిచాను. ఒకటో తేదీ పొద్దుట్నుంచి పదిహేను సాయంత్రం దాకా ముప్పై పూటలు, ముప్పై చీటీలు. పొయ్యి పక్క గూట్లో పెట్టిందేమో, వేడికి రెండిటి అంచులు నల్లబడ్డాయి. అంకెలు మాత్రం అన్నిటి మీదా స్పష్టంగా ఉన్నాయి: పదకొండో తేదీ పొద్దుటి పూట దాకా 820 లెక్క, ఆ సాయంత్రం నుంచి 800 లెక్క. బిల్లులో చూస్తే ముప్పై పూటలూ 800 లెక్కే.

ఎందుకో వెంటనే అర్థమైంది. నా ప్రోగ్రాం చీటీ అచ్చువేసి మర్చిపోతుంది. బిల్లు వేసేటప్పుడు లీటర్లూ ఫ్యాటూ తీసుకుని, అప్పుడు చార్టులో ఉన్న ధరతో మొత్తం మళ్లీ లెక్క కడుతుంది. పూటకి నాలుగు లీటర్లు, ఫ్యాట్ 6.5 అటూ ఇటూగా. లీటరుకి 1 రూపాయి 30 పైసలు తేడా. 21 పూటల మీద 84 లీటర్లు. 109 రూపాయలు.

ఆవిడ కోప్పడలేదు. "చీటీలో ఉన్నది ఇయ్యి, చాలు" అంది. నాకు మాత్రం ఆ మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. 146 బిల్లులూ వెనక్కి తీసుకుని, రిజిస్టర్ చూసి చేత్తో వేశాం. రెండున్నర అయింది. బాబాయి నిద్ర కాపాడదామని మొదలుపెట్టిన పనికి ఆయన ఇంకో గంటన్నర ఎక్కువ మేలుకున్నాడు. ఆయన ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

జనవరి 16, ముక్కనుమ

ఒక లైను మార్చి బగ్ సరిచేయొచ్చు. పొద్దున్నే లాప్‌టాప్ తీసి, మళ్లీ మూసేశాను. ఇది కోడ్‌లో పుట్టిన తప్పు కాదు. నవంబర్ 9న "ఇది అవుట్‌పుట్" అని చీటీని కొట్టేసినప్పుడు పుట్టింది.

అందుకే సీఆర్‌సీ కార్డులతో మళ్లీ కూర్చున్నాం. క్లాసు, బాధ్యత, సహకారులు: ఒక్కో కార్డు మీద ఈ మూడే రాయాలి. 1989లో కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ ఈ పద్ధతిని ప్రకటించారు. కార్డు చిన్నది కావడమే దాని బలం, పట్టనంత బాధ్యత ఒక క్లాసు మీద పెట్టలేం. ఇంకో బలం, కార్డుని చేత్తో పట్టుకుని "నేనే బిల్లు" అన్నట్టు మాట్లాడొచ్చు. కంప్యూటర్ తెలియనివాళ్లు కూడా డిజైన్‌లో కూర్చోవచ్చు.

ఇంట్లో కార్డులు లేవు. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి, వెనకవైపు రాశాం. బిల్లు బాబాయి చేతిలో. చార్టు కార్డు, కేంద్రంలో పాలు టెస్ట్ చేసే అన్న చేతిలో. సభ్యుడి కార్డు నా దగ్గర. చెల్లి ఊరికే చూస్తూ కూర్చుంటే, ఖాళీ కార్డు మీద "చీటీ" అని రాసి ఇచ్చాను.

నేను మొదలుపెట్టాను: "నాకు బిల్లు కావాలి."

బాబాయి: "ఆగు. తొమ్మిదో తేదీ సాయంత్రానికి ఎంత వెయ్యాలి? చార్టూ, చెప్పు."

అన్న కార్డు చూసుకున్నాడు. "నా దగ్గర ఇవాల్టి రేటే ఉంది."

అందరం ఒక్క క్షణం ఆగిపోయాం. అప్పుడు చెల్లి అంది: "చార్టునెందుకు అడుగుతారు? ఆ రోజు ఎంతో నా మీదే రాసుంది కదా. నన్నడగండి."

అంతే. రెండు నెలల డయాగ్రమ్‌లలో నాకు కనపడనిది అదే. చార్టు బాధ్యత ఇప్పటి ధర చెప్పడం. బిల్లు బాధ్యత కూడటం, కోతలు తియ్యడం. "ఈ పూటకి నీకు ఇంత ఇస్తాం" అన్న మాటని మోసేది ఎవరు? చీటీ. ఊళ్లో అందరికీ అది తెలుసు. అందుకే పెద్దమ్మ వాటిని రబ్బరు బ్యాండు వేసి దాచింది. నామవాచకాల కింద గీతలు గీస్తే మాటలు దొరుకుతాయి. ఏ మాటకి ఎవరు జవాబుదారీ అని అడిగితేనే ఆబ్జెక్ట్‌లు దొరుకుతాయి.

ఆ తర్వాత బాబాయి ఊపందుకున్నాడు. "చీటీ చేతికిచ్చాక దాన్ని దిద్దకూడదురా. తప్పు పడితే ఇంకో చీటీ రాయాల." కార్డు మీద అలాగే రాశాను. మా వాళ్ల ఆఫీసు భాషలో దాన్నే ఇమ్మ్యూటబుల్ అంటారు. తప్పు సరిచేయడానికి "సవరణ చీటీ" అని ఇంకో కార్డు పుట్టింది. అది పాత చీటీ నంబరు మోస్తుంది, తేడా మొత్తాన్ని మోస్తుంది, పాతదాన్ని మాత్రం ముట్టుకోదు.

పైసల గొడవ కూడా అక్కడే తేలింది. గేదె పాలు 4.6 లీటర్లు, ఫ్యాట్ 6.8, ధర 820 అయితే లీటరు 55.76, మొత్తం 256.496. దీన్ని ఎక్కడ కుదించాలి? లీటరు ధరని 55.70కి దించితే 256.22 వస్తుంది, చివర కుదిస్తే 256.50. ఒక్క చీటీలో 28 పైసలు. లీటరు ధర దించకూడదు, చీటీ మొత్తం దగ్గర ఒక్కసారే కుదించాలి, బిల్లు ఉత్త కూడికే చెయ్యాలి అని నలుగురం ఒప్పుకున్నాం. కుదింపు చీటీ బాధ్యత. ఆ నియమం ఒకే చోట ఉంటుంది.

జనవరి 19, ఆదివారం

సీక్వెన్స్ డయాగ్రమ్ గీస్తుంటే ఇంకో గుంట కనపడింది, ఇంకా ఎవరూ పడలేదు కానీ ఎప్పుడో పడేవాళ్లం.

కొలత క్షణాల్లో అయిపోతుంది. మిషన్ ఒక శాంపిల్ చూడటానికి దాదాపు నిమిషం తీసుకుంటుంది. ఈలోగా క్యూ ఆగదు, ఇద్దరు ముగ్గురి పాలు కొలిచేస్తారు. డయాగ్రమ్‌లో మిషన్ నుంచి వచ్చే బాణం "ఫ్యాట్ 6.8" అని వస్తోంది. ఎవరి ఫ్యాట్? మిషన్‌కి తెలియదు. నా ప్రోగ్రాం తెర మీద అప్పుడు ఎవరి నంబరు ఉంటే వాళ్లకి రాసేస్తోంది. ఇన్నాళ్లూ తప్పు జరక్కపోవడానికి కారణం టెస్ట్ చేసే అన్న జాగ్రత్త. సీసాల్ని వరసలో పెట్టి, ఫలితం వచ్చేదాకా ఆయన తర్వాతి నంబరు కొట్టటం లేదు. సాఫ్ట్‌వేర్ చెయ్యాల్సిన పని ఆయన మోస్తున్నాడు.

నవంబర్‌లో కొట్టేసిన ఇంకో మాట తిరిగొచ్చింది: సీసా. ఇప్పుడు శాంపిల్ ఒక క్లాసు. దానికి సీసా నంబరు ఉంటుంది, ఏ చీటీదో తెలుస్తుంది. ఫలితం ముందు శాంపిల్‌కి చేరుతుంది, శాంపిల్ తన చీటీకి చెబుతుంది. సీసాల మీద పర్మనెంట్ మార్కర్‌తో 1 నుంచి 12 దాకా అంకెలు వేశాం.

చీటీకి స్టేట్ డయాగ్రమ్ కూడా అప్పుడే గీశాను. కొలిచింది, పరీక్ష అయింది, చేతికిచ్చింది, బిల్లులో చేరింది. పక్కన ఒక దారి: తిరస్కరించింది, పుల్ల పాలకి. కరెంటు పోతే "కొలిచింది" దగ్గర ఆగుతుంది. కరెంటొచ్చాక సీసా నంబరుతో అక్కణ్నుంచే సాగుతుంది. నవంబర్ 10న రాసిన కరెంటు యూజ్ కేసుకి ఇన్నాళ్లకి సరైన జవాబు దొరికింది.

జనవరి 25, శనివారం

కోడ్ తిరగరాయడం అయిపోయింది. వారం రోజుల రాత్రులు. ముందు రాసినదాంట్లో సగం పైగా పోయింది. బిల్లు క్లాసు చాలా చిన్నదయింది: చీటీలు కూడు, కోతలు తీయి. చార్టుకి ఇప్పుడు "ఏ తేదీ, ఏ పూట నుంచి" అన్నది తోడయింది, పాత చార్టులు అలాగే ఉంటాయి. చీటీ పుట్టినప్పుడు చార్టుని ఒక్కసారి అడుగుతుంది, జవాబు తన దగ్గర రాసుకుంటుంది, మళ్లీ అడగదు.

కోడ్ సరిగ్గా పనిచేస్తోందా అని చూసే టెస్టుల్లో మొదటిది పెద్దమ్మ బిల్లే. 21 పూటలు ఒక ధర, 9 పూటలు ఇంకో ధర.

ఫిబ్రవరి 16, ఆదివారం

నిన్న రాత్రి కొత్త డిజైన్‌తో మొదటి పూర్తి బిల్లు. తొమ్మిదిన్నరకి అచ్చు అయిపోయింది. ఈ రోజంతా రిజిస్టర్‌తో పోల్చాం. 146లో 144 పైసలతో సహా కలిశాయి. ఒకదాంట్లో రిజిస్టర్ కూడికలో తప్పు. రెండోది మాది: ఒకాయన పాలు పులిసి తిరస్కరించిన పూట, బిల్లులో సున్నా రూపాయల చీటీగా కనిపించింది. డబ్బు తేడా లేదు కానీ, పోసిన పూటల లెక్కలో ఒకటి ఎక్కువ చూపించింది. తిరస్కరించినది బిల్లులోకి రాకూడదని స్టేట్ డయాగ్రమ్‌లో ఉంది, కోడ్‌లో ఆ బాణం నేను వదిలేశాను. సరిచేశాను.

సాయంత్రం పెద్దమ్మ వచ్చింది. ఈసారి చీటీలు స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టిందట. కట్టలో ఒకటి తక్కువ. నంబరు కొడితే ఆరో తేదీ పొద్దుటి పూటది తెర మీదికొచ్చింది: 4.2 లీటర్లు, ఫ్యాట్ 6.6, ఆ రోజు ధర, మొత్తం. పైన "నకలు" అని అచ్చు వేసి ఇచ్చాను. కట్టలో దాని చోట పెట్టుకుని, రబ్బరు బ్యాండు వేసి, డబ్బా మూసింది.

వచ్చే వారం దాణా కోతలు. బస్తా డబ్బు ఒకే బిల్లులో తియ్యాలా, రెండు మూడు బిల్లుల మీద విడగొట్టాలా అన్నది ఎవరు నిర్ణయిస్తారో ఇంకా తేలలేదు. బాబాయి "నేనే" అంటున్నాడు, టెస్ట్ చేసే అన్న రైతుని అడగాలి అంటున్నాడు. శుభలేఖల అట్టలు ఇంకా ఆరున్నాయి.